గుమాస్తా గారికీ ఒక కుర్చీ వెయ్యండి

మా జిల్లా కోర్టులో ఇప్పుడు జూనియర్లు నలుగురు కలిస్తే ఒకటే గోడు: మంచి మెంటార్ దొరకడం లేదు. గంటకు ఇంతని తీసుకుని ఆన్‌లైన్‌లో కెరీర్ సలహాలు చెప్పేవాళ్ల గురించి ఒకరు వాకబు చేస్తారు. ఢిల్లీలో ఎవరో పెద్ద లాయరుకు లింక్డిన్‌లో మెసేజ్ పెట్టి, జవాబు కోసం నెలల తరబడి ఫోను చూసుకుంటారు మరొకరు. ఈ ముచ్చట్లన్నీ సాగేది సీనియర్ గారి గుమాస్తా కేసు కట్టలు కుట్టుకునే బల్ల పక్కనే. ఆయన్ని మాత్రం "బాబాయ్, ఈ వకాలత్ మీద స్టాంపు అంటించి పెట్టండి" అనడానికి తప్ప పలకరించరు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కోర్టు పని వీళ్లకు నేర్పుతున్నది ఎవరని ఒక్కరైనా ఆలోచించారా? లా కాలేజీ నేర్పలేదు. ఎన్‌రోల్ కావడానికి ముందు ఏడాదిపాటు సీనియర్ దగ్గర శిక్షణ తప్పనిసరి అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో రూల్స్ పెడితే, 1999లో సుప్రీంకోర్టు సుధీర్ కేసులో వాటిని కొట్టేసింది. అడ్వకేట్స్ యాక్ట్ కింద అలాంటి షరతు పెట్టే అధికారం కౌన్సిల్‌కు లేదంది. చట్టప్రకారం సబబే కావచ్చు. తర్వాత 2010లో ఆలిండియా బార్ ఎగ్జామ్ తెచ్చారు. అది పాసైన పిల్లవాడు నల్లకోటు వేసుకుని ఫైలింగ్ కౌంటర్ ముందు నిలబడితే, దావా ఎందుకు రిటర్న్ అయిందో వాడికి బోధపడదు. చెప్పేది గుమాస్తాయే.

నేను నేర్చుకున్నదీ అలాగే. ఒక సర్టిఫైడ్ కాపీ చేతికిచ్చి, "ముందు జడ్జిమెంటు చదవకమ్మా, వెనక ముద్ర చదువు" అన్నారు మా సీనియర్ గారి గుమాస్తా. తిప్పి చూస్తే వరసగా తేదీలు. కాపీకి అర్జీ పెట్టింది ఎప్పుడు, స్టాంపులు కట్టమని కోర్టు కాల్‌ఫర్ చేసింది ఎప్పుడు, కట్టింది ఎప్పుడు, కాపీ తయారైంది ఎప్పుడు, అందుకున్నది ఎప్పుడు. లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 12 ప్రకారం కాపీ తయారీకి పట్టిన రోజులు అప్పీలు గడువులోంచి మినహాయింపు అని నేనూ పరీక్షలో రాసినదాన్నే. "మరి కాల్‌ఫర్ చేశాక స్టాంపులు కట్టకుండా మనం తాత్సారం చేసిన రోజులు ఎవరి ఖాతాలో పడతాయమ్మా?" అని అడిగారాయన. మన ఖాతాలోనే. ఆ మినహాయింపు మన అలసత్వానికి వర్తించదు. జిల్లా కోర్టులో అప్పీలుకు ఉన్న గడువు 30 రోజులు. నోటీసు బోర్డు మీద కాల్‌ఫర్ పడిందో లేదో రోజూ వెళ్లి చూసే మనిషి లేక ఎన్ని అప్పీళ్లు డిలే పిటిషన్లుగా మారాయో వకీళ్లకు తెలుసు. ఆ బోర్డు చూసే మనిషే గుమాస్తా. ఆయన చదివింది పదో తరగతి.

రిటర్న్ అయిన దావాను ఎన్ని రోజుల్లో రీప్రెజెంట్ చెయ్యాలి, బత్తా కట్టకపోతే సమన్లు ఎక్కడ ఆగుతాయి, ఏ ఐఏ (మధ్యంతర దరఖాస్తు) ముందు నంబరయ్యేలా చూసుకోవాలి, ఇవన్నీ ఆయన నాలుక మీద ఉంటాయి. అంతకంటే పెద్ద విద్య ఇంకోటుంది. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ కాదు. వాయిదా పడిన రోజు క్లయింటు మొహం చూసి ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో ఆయనకు తెలుసు. సీనియర్లు నాలుగు కోర్టుల మధ్య పరుగెడుతుంటారు. కోర్టు అరుగు మీద కూర్చుని, పొలం తగాదాతో వచ్చిన రైతుకు ఆ రోజు కోర్టులో జరిగింది అతని భాషలో విడమరిచి చెప్పేది గుమాస్తా. వింటూ పక్కన నిలబడిన జూనియర్ నేర్చుకోవాలనుకుంటే అక్కడే నేర్చుకోవచ్చు.

అంటే అంటారు, గుమాస్తాల్లో మామూళ్లు మరిగినవాళ్లు లేరా అని. ఉన్నారు. వకీళ్లలో లేరా?

ఇక గౌరవం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో లా నేస్తం పథకం పెట్టి తొలి మూడేళ్లు జూనియర్లకు నెలకు రూ.5,000 ఇచ్చారు, సంతోషం. 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ పంపి, సీనియర్లు జూనియర్లకు పట్టణాల్లో నెలకు రూ.20,000, గ్రామాల్లో రూ.15,000 ఇస్తే బాగుంటుందంది. ఎంతమంది ఇస్తున్నారన్నది వేరే సంగతి. నేర్చుకునేవాడి పేరు కాగితం మీదికి ఎక్కింది, నేర్పాల్సిన సీనియర్ పేరూ ఎక్కింది. గుమాస్తా ఊసు మాత్రం ఎక్కడా లేదు. 1992 నాటి సంక్షేమ నిధి చట్టం ఒకటి ఉంది గుమాస్తాల పేర. దాన్ని దాటి మన ఆలోచన సాగలేదు. జీతం సీనియర్ దయ, సెలవు సీనియర్ వీలు. ఈ-ఫైలింగ్ వచ్చాక స్కాన్ చేసేది, పేజీ నంబర్లు వేసేది, సర్వర్ మొరాయిస్తే సాయంత్రం దాకా కూర్చునేది కూడా చాలాచోట్ల ఆయనే. స్క్రీను మీద పేరు మాత్రం వకీలుది.

పక్కన నిలబడి దారి చూపినవాళ్లను మరిచిపోవడం మనకు కొత్త కాదు. టంగుటూరి ప్రకాశం పంతులు పేరు మీద బ్యారేజీ ఉంది, జిల్లా ఉంది. ఒంగోలులో ఆ కుర్రాణ్ని చేరదీసి, తాను వకాలతు కోసం రాజమండ్రి వెళ్తూ వెంట తీసుకెళ్లి చదివించిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు పేరు ఎంతమంది వకీళ్లకు తెలుసు? ప్రకాశంగారు తన ఆత్మకథలో రాసుకున్నారు కాబట్టి మనకు ఆ మాత్రమైనా మిగిలింది. జిల్లా కోర్టు గుమాస్తా గురించి ఆ మాత్రం రాసే సీనియర్ ఎవరు?

వకీలు పోతే కోర్టులో సంతాప సభ పెడతాం. జడ్జిగారు వస్తారు, రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం, ఆ పూటకు పని ఆపుతాం. నలభై ఏళ్లు అదే ఆవరణలో తిరిగి, ఇవాళ బెంచి మీద కూర్చున్న కొందరికి కూడా తొలి వకాలత్ నింపడం నేర్పిన గుమాస్తా పోతే, ఆయన సీనియర్ కేసులకు "గుమాస్తా లేరు, వాయిదా కావాలి" అంటాం. అంతే.

రేపటి మా బార్ అసోసియేషన్ జనరల్ బాడీలో నేను అడగబోయేది పెద్ద కోరికేం కాదు. కొత్తగా ఎన్‌రోల్ అయిన ప్రతి జూనియర్ మొదటి మూడు నెలలు గుమాస్తాల బల్ల దగ్గర పనిచెయ్యాలి. అందుకు ఆ గుమాస్తాకు అసోసియేషన్ నిధి నుంచి నెలనెలా శిక్షణ భత్యం ఇవ్వాలి. బార్ హాల్లో వాళ్లకు కుర్చీలు వెయ్యాలి. పోయిన గుమాస్తాల పేర్లు సంతాప తీర్మానంలో చేర్చాలి. ఈ ఏడాది ఇద్దరు పోయారు. వాళ్ల పేర్లు కాగితం మీద రాసి సెక్రటరీ గారికి ఇచ్చాను, ఇంకా అజెండాలోకి ఎక్కలేదు.