తూటా కొంచెం... గురి ఘనం

పిట్టలదొర గుర్తున్నాడా? ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. ఊళ్లో అడుగుపెట్టాడంటే కోతలే కోతలు. ఒక్క దెబ్బకి ఎన్ని పులులు పడ్డాయో, ఎన్ని పిట్టలు రాలాయో ఆయన చెబుతుంటే పిల్లలు పకపకా నవ్వేవారు. తెలంగాణ పల్లెల్లో ఆయనకే తుపాకి రాముడని మరో పేరు. ఆ నవ్వుల వెనక ఓ నిజం దాగుంది. అసలు తుపాకీ దొర చేతిలో ఉండేది. అది లేనివాళ్లు కట్టె తుపాకీ పట్టుకుని ఆ దొరతనాన్ని వెక్కిరించి తృప్తిపడేవారు.

దొరల వేటంటే పులులు, చిరుతలే గుర్తొస్తాయి. వాటికి పెద్ద పెద్ద రైఫిళ్లు, చెవులు చిల్లులుపడే మోతలు. కానీ ఆ హడావుడికి దూరంగా ఓ బుల్లి తూటా ఉంది. పొడవు అంగుళం. బరువు రూపాయి బిళ్లకి అటూఇటూ. పేరు పాయింట్ 22. పుట్టి 130 ఏళ్లు దాటింది. దానికన్నా బలమైనవి, వేగమైనవి ఎన్నో వచ్చాయి, కొన్ని వచ్చిన దారినే పోయాయి. ఇది మాత్రం చెక్కుచెదరలేదు. హైటెక్ సిటీ అద్దాల మేడలకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఇప్పటికీ మోగుతోంది. ఎవర్నీ చంపకుండానే!

ఇంటి హాల్లో పుట్టి...

1845లో ఫ్రాన్స్‌కి చెందిన ఫ్లోబెర్ అనే తుపాకుల తయారీదారుకి ఓ ఆలోచన వచ్చింది. ఇంటి హాల్లోనే గురిచూసి కాల్చుకునేలా చిన్న తూటా చేస్తే ఎలా ఉంటుందని. మందు నింపకుండా, నిప్పు పుట్టించే రసాయనం బలంతోనే గుండు ఎగిరేలా చేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ అందులో కాస్త మందు నింపి చిన్న రివాల్వర్‌కి తూటా తయారుచేసింది. 1887లో స్టీవెన్స్ అనే మరో అమెరికన్ కంపెనీ గుండుని ఇంకొంచెం పొడవుగా, బరువుగా చేసి ‘పాయింట్ 22 లాంగ్ రైఫిల్’ని తెచ్చింది. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నది దాన్నే.

అమెరికా రైతులకి అది వరంలా దొరికింది. ధాన్యపు కొట్టులో ఎలుకలు, తోటలో కుందేళ్లు, చెట్లమీద ఉడతలు... పంటకి చేటుచేసే ఇలాంటి జీవాలన్నిటినీ కలిపి అక్కడివాళ్లు ‘వార్మింట్’ అంటారు. వాటికోసం పెద్ద తుపాకీ పేల్చడం పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే కదా. చవగ్గా దొరికే ఈ తూటా సరిగ్గా సరిపోయింది. పెద్దగా మోతలేదు, భుజానికి దెబ్బలేదు. పదేళ్ల పిల్లాడు కూడా తండ్రి పక్కన నిలబడి నేర్చుకునేవాడు. తర్వాత 1930లలో ఇదే కొలతలో వేగం పెంచిన ‘హార్నెట్’ వచ్చింది. హార్నెట్ అంటే కందిరీగ. పేరుకు తగ్గట్టే దూరం నుంచి కుట్టేది. దాన్ని ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఇంటింటి తూటా అనిపించుకున్నది మాత్రం పాతదే.

లోపల ఏముంటుంది?

ఇత్తడి తొడుగు, మొనన సీసపు గుండు, మధ్యలో చిటికెడైనా ఉండని మందు. అంతే. తొడుగు అడుగున చుట్టూ ఓ అంచు ఉంటుంది. నిప్పు పుట్టించే రసాయనం ఆ అంచులోనే దాక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే సూదిలాంటి పిన్ను అంచుని కొడుతుంది. నిప్పు రాజుకుని మందు అంటుకుంటుంది. ఆ వాయువు తోసుకురాగా గుండు గొట్టంలోంచి దూసుకెళుతుంది. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. వాటిని ఒరుసుకుంటూ వచ్చిన గుండు సెకనుకు దాదాపు 800 చుట్లు తిరుగుతూ బయటపడుతుంది. మన బొంగరం లాగే, తిరుగుతున్నంతసేపూ నిటారుగా ఉంటుంది, దారి తప్పదు.

గుండు బరువు 2.6 గ్రాములు. పాత పోలీసు రైఫిల్ పాయింట్ 303తో పోలిస్తే దీని శక్తి ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అలాగని ఆటబొమ్మ అనుకుంటే పొరపాటే. అడ్డులేకపోతే కిలోమీటరున్నర దూరం వెళ్లగలదు. మనిషి ప్రాణం తీయగలదు. అందుకే రేంజిల్లో గురి వెనక మట్టికట్టలు, గోడలు తప్పనిసరి.

ఓ విచిత్రం చూడండి. వేగం ఎక్కువైతే గురి బాగా కుదరాలి కదా? ఇక్కడ అలా కాదు. శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఆ గీత దాటిన గుండు మళ్లీ నెమ్మదించి గీత కిందికి దిగేటప్పుడు గాలిలో కుదుపుకి లోనవుతుంది. అందుకే పోటీలకు వాడే తూటాని ఆ వేగం అందుకోకుండా, కావాలనే కాస్త నెమ్మదిగా చేస్తారు. తొందరపడనిదే గురి తప్పదన్నమాట!

ఎన్‌సీసీ నేస్తం

మనదేశంలో మామూలు మనిషికి ఈ తూటాని పరిచయం చేసింది ఎన్‌సీసీ. కాలేజీ రోజుల్లో ఖాకీ యూనిఫాం వేసుకున్నవాళ్లని కదిపి చూడండి. క్యాంపులో పూరీలు, తెల్లవారుజాము పరేడ్, ఆ తర్వాత ‘టూ టూ రైఫిల్’ ఫైరింగ్... కథలు ఆగవు. 25 గజాల దూరంలో కాగితం గురి. నేలమీద బోర్లా పడుకోవాలి. చేతికి అయిదు తూటాలు లెక్కపెట్టి ఇస్తారు. కాల్చాక ఖాళీ తొడుగులు లెక్కపెట్టి అప్పగించాలి. ఒక్కటి తగ్గినా గడ్డిలో వెతుకులాటే. అయిదు చిల్లులూ ఎంత దగ్గరగా పడితే అంత గొప్ప. మధ్యతరగతి ఇళ్లలో ఎంతోమంది తాతలు, అమ్మలు, మేనమామలు జీవితంలో కాల్చిన తూటాలు ఆ అయిదో పదో. చెప్పుకునే ముచ్చట మాత్రం యాభై ఏళ్లయినా పాతబడదు.

గచ్చిబౌలి గుట్టల నడుమ

హైదరాబాద్‌కి గురి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గాల్లోకి ఎగరేసిన నాణేన్ని కొట్టేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి నిజాంల వేట మైదానమే. ఇప్పుడక్కడ కృష్ణజింకలు నిర్భయంగా తిరుగుతున్నాయి.

నగరానికి పడమట, రాళ్లగుట్టల నడుమ ఉంది 1974లో ఏర్పాటైన హైదరాబాద్ విశ్వవిద్యాలయం. 1998లో సైబర్ టవర్స్ లేచింది. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. వర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజి ఆ రోజులదే. 2003 అక్టోబరులో హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం కొట్టింది సొంత ఊళ్లో జరిగిన ఆ ఆఫ్రో-ఏషియన్ పోటీల్లోనే. లండన్ ఒలింపిక్స్‌లో 2012లో కాంస్యం తెచ్చిందీ ఎయిర్ రైఫిలే. కానీ మన బుల్లి తూటాతోనూ ఆయనకి గట్టి దోస్తీ ఉంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గెలిచిన నాలుగు స్వర్ణాల్లో రెండు 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌వి. 2014 గ్లాస్గోలో 50 మీటర్ల ప్రోన్‌లో రజతం, త్రీ పొజిషన్స్‌లో కాంస్యం. అవన్నీ పాయింట్ 22 పుణ్యమే.

తర్వాతి తరం అమ్మాయి ఈషా సింగ్‌దీ హైదరాబాదే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టుతో కలిసి స్వర్ణం, వ్యక్తిగతంగా రజతం సాధించింది. ఆ పిస్టల్ తినేది కూడా ఈ తూటానే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచి, ఆ విభాగంలో దేశానికి తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన స్వప్నిల్ కుసాలే మహారాష్ట్ర వాసి. రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా పనిచేసినవాడు. తుపాకీ పట్టాలంటే దొరబిడ్డే అయ్యుండాలన్న రోజులు పోయాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

దించడం కూడా విద్యే

ఇంతకీ ఇందులో ఆనందం ఎక్కడుంది? మోతలోనా? పెద్ద రైఫిళ్లంత మోతే లేదు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు.

50 మీటర్ల దూరంలో గురి. అందులో పది మార్కుల చుక్క వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. గుండు అక్కడికి చేరేలోపు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ మేరకు ముందే సరిచూసుకోవాలి. సెకనుకు రెండు మూడు మీటర్ల వేగంతో అడ్డుగాలి వీస్తే చాలు, సెంటీమీటరు పక్కకి జరిగి పది కాస్తా తొమ్మిదవుతుంది. అందుకే రేంజిలో చిన్న చిన్న జెండాలు పాతుతారు. షూటర్ ఒక కన్ను గురిమీద, మనసు జెండామీద పెడతాడు. ఊపిరి సగం వదిలి బిగబడతాడు. గుండె కొట్టుకున్నా గొట్టం మొన కదులుతుంది. ఎనిమిది, పది సెకన్లు గడిచినా కుదరలేదా... కన్ను అలసిపోతుంది, కండరం వణుకుతుంది. అప్పుడు మంచి షూటర్ కాల్చడు. తుపాకీ దించేస్తాడు. ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెడతాడు.

ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పాఠం అదే. ఎత్తిన తుపాకీని కాల్చకుండా దించడం. గంటలో ముగించాల్సిన పనీ, అర్ధరాత్రి కాల్సూ, ఆగని ఫోనూ... ఐటీ కారిడార్‌లో బతుకంతా ఏదో ఒకటి నొక్కెయ్యమనే తొందరే. ఇక్కడ మాత్రం తొందరపడ్డవాడికి మార్కులు పోతాయి. ఆగినవాడికి పెరుగుతాయి. తూటాలు కూడా చవకేం కాదు. బర్మింగ్‌హామ్‌లోని ఎలీ లాంటి కంపెనీల పోటీ తూటాల్లో ఒక్కో రైఫిల్‌కి ఒక్కో బ్యాచ్ నప్పుతుందని పరీక్షించి మరీ ఎంచుకుంటారు. అందుకే సాధనలో చాలాభాగం తూటా లేకుండానే సాగుతుంది. ఉత్త ట్రిగ్గర్ నొక్కుతూ చెయ్యి కదలకుండా అలవాటు చేసుకుంటారు.

అన్నట్టు, రెండు జాగ్రత్తలు. పాయింట్ 22 రైఫిల్ కొనాలంటే ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాల్సిందే. పిల్లలకి ఆసక్తి ఉంటే ఎయిర్ రైఫిల్‌తో, కోచ్ పర్యవేక్షణలో మొదలుపెట్టడమే మంచిది. రెండోది, గుండు సీసంతో చేసింది. రేంజి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏమీ తినకూడదు.

మరి పంటల సంగతి?

ఇక్కడో చిక్కుప్రశ్న. పంటకి చేటుచేసే జీవాలమీద పేరు తెచ్చుకున్న తూటా కదా, మన రైతుకి ఎందుకు పనికిరాదు? తెలంగాణలో, ఆంధ్రాలో అడవిపందులు ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేనుని నేలమట్టం చేస్తున్నాయి. రైతులు పాత చీరలు కడుతున్నారు, డప్పులు కొడుతున్నారు. కొందరు దొంగచాటుగా కరెంటు తీగ పెడితే పందికి బదులు మనిషే పోతున్నాడు. ఆ బాధ చిన్నది కాదు.

కానీ పందికి ఈ తూటా చాలదు. చంపదు, గాయపరుస్తుంది. ఆ గాయంతో అది రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. చట్టమూ ఒప్పుకోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో హానికర జీవాల జాబితా ఒకటి ఉండేది. కాకులు, పళ్లు తినే గబ్బిలాలు, ఎలుకలు, చిట్టెలుకలు అందులో ఉండేవి. 2022 సవరణతో ఆ జాబితా కూడా పోయింది. కుందేలుని కొట్టినా నేరమే. పంట పాడుచేసే పందుల్ని అధికారుల అనుమతితో, ఎంపిక చేసిన షూటర్లే, తగిన తుపాకీతో కాల్చాలి. రైతు కష్టానికి జవాబు నష్టపరిహారం, కంచె, సకాలంలో స్పందించే అటవీశాఖ. తలా ఒక తూటా కాదు.

వర్సిటీ ప్రాంగణాన్నే చూడండి. మచ్చల జింకలు, నెమళ్లు, కుందేళ్లు, అడవిపందులు అక్కడ తిరుగుతుంటాయి. పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతని 2025 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆపించినప్పుడు దేశమంతా చూసింది ఆ జీవాల గూడునే. అమెరికా పల్లెలో అయితే ఈ తూటా వెతుక్కుంటూ వెళ్లే కుందేలు, ఇక్కడ తూటా మోగే చోటుకి కూతవేటు దూరంలో గడ్డి మేస్తుంది. తూటా దాన్ని పట్టించుకోదు. చొక్కా గుండీ అంత చుక్క కోసం వెళుతుంది.

ఇది మనకి కొత్త నీతి కూడా కాదు. ద్రోణుడు శిష్యుల్ని పరీక్షించిన కథ ప్రతి ఇంట్లో చెప్పుకునేదే. పక్షి తల తప్ప ఇంకేమీ కనిపించడం లేదన్న అర్జునుడి మాట అందరికీ గుర్తే. ఒక్క సంగతి మాత్రం చాలామంది మర్చిపోతారు. ఆ రోజు గురువు చెట్టుకొమ్మన పెట్టించింది ప్రాణమున్న పక్షిని కాదు, బొమ్మ పక్షిని.