ద్రాక్షతోటల సీమలో చౌక ఇల్లు నిజంగా చౌకేనా?

తెలుగు పల్లెల నుంచి ఏనాడో కాలిఫోర్నియా వెళ్ళి స్థిరపడినవారిలో చాలామంది ఇప్పుడు ఉద్యోగ విరమణ వయసుకు చేరారు. నగరంలో ఖర్చులు తట్టుకోలేక, వైన్ తయారయ్యే ద్రాక్షతోటల ప్రాంతాల్లో శేషజీవితం గడపాలని కొందరు ఆశపడుతున్నారు. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులను కూడా అక్కడికే పిలిపించుకోవాలన్న ఆలోచన కొందరిది. కనుక ఇది ఇక్కడి ఇళ్ళలోనూ చర్చించుకోవలసిన విషయమే.

ద్రాక్షతోటలకు పేరుపొందిన నాపా, సొనోమా ప్రాంతాల్లో ఇళ్ళు సామాన్యులకు అందుబాటులో లేవు. వాటికి ఉత్తరాన ఉన్న లేక్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) ధరలు చాలా తక్కువ. అయితే అక్కడి ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2015 సెప్టెంబరులో ఆ కౌంటీలో చెలరేగిన కార్చిచ్చుకు సుమారు 2 వేల కట్టడాలు బూడిదయ్యాయి. 2017 అక్టోబరులో సొనోమా కౌంటీలోని శాంటా రోజా పట్టణం మీదికి వచ్చిన మంటలకు 22 మంది బలయ్యారు. వారిలో ఎక్కువమంది వృద్ధులే. అర్ధరాత్రి మంటలు చుట్టుముడితే వయసు మళ్ళినవారు ఎక్కడికని పరుగెత్తగలరు?

బీమా మరొక సమస్య. 2023లో స్టేట్ ఫామ్ కంపెనీ కాలిఫోర్నియాలో ఇళ్ళకు కొత్త బీమా దరఖాస్తులు తీసుకోవడం ఆపివేసింది. ఎక్కడా బీమా దొరకనివారికి చివరి దిక్కు ‘ఫెయిర్ ప్లాన్’. దానిలో రక్షణ పరిమితం. ఇంటి ధరలో మిగిలిన సొమ్ము ఏటేటా ప్రీమియం కింద పోతే చౌకగా కొన్న లాభమేమిటి? పన్ను విషయంలో మాత్రం కొంత ఊరట ఉంది. 1978లో ప్రజలు ఓటు వేసి ఆమోదించిన సవరణ ప్రకారం, పన్ను కోసం లెక్కగట్టే ఇంటి విలువను ఏడాదికి 2 శాతానికి మించి పెంచరాదు.

వీటన్నిటినీ బేరీజు వేస్తే మైదాన ప్రాంతంలోని లోడై పట్టణం మేలనిపిస్తుంది. జిన్‌ఫండెల్ రకం ద్రాక్షకు అది పేరుపొందిన చోటు. వేసవి ఎండలు తీవ్రమే అయినా, కొండ అడవులకు దూరం కావడంతో కార్చిచ్చు భయం తక్కువ. ఇళ్ళ ధరలు నాపా కంటే బాగా తక్కువ. పట్టణంలోనే ఆసుపత్రి, రైలు స్టేషను ఉన్నాయి. లివర్‌మోర్‌లోని శివవిష్ణు ఆలయానికి కారులో సుమారు గంటన్నరలోపే చేరుకోవచ్చు.

తల్లిదండ్రులను తీసుకువెళ్ళేవారు మరొక నిబంధన గుర్తుంచుకోవాలి. అక్కడ పనిచేసిన చరిత్ర లేనివారు 65 ఏళ్ళు నిండినా, గ్రీన్‌కార్డుతో 5 ఏళ్ళు ఎడతెగకుండా నివసిస్తేనే డబ్బు కట్టి మెడికేర్‌లో చేరగలరు. అంతవరకు వైద్యం ఖర్చు పిల్లల మీద పడవచ్చు. కారు నడపలేనివారికి, ఇంగ్లీషు రానివారికి ఆ పచ్చని తోటల మధ్య ఒంటరితనం తప్పదు.

కాబట్టి ఇల్లు కొనేముందు ఏడాదిపాటు అద్దెకుండి చూడడం వివేకం. ఆసుపత్రి ఎంత దూరం, బీమా దొరుకుతుందా, మంటలొస్తే బయటపడే దారులెన్ని, పలకరించే మనిషి ఉన్నాడా అన్నవి ముందు తేల్చుకోవాలి. ఊళ్ళో ఇల్లు, పొలం అమ్ముకోవడం ఆ తర్వాతి మాట.