అది లీకేజీ కాదు, మన ఊట

కొత్తవలస-కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి 1960లలో అనంతగిరి, అరకు, కోరాపుట్ కొండలను తొలిచి వేసిన దారి అది. ఇప్పుడు రెండో లైను కోసం పక్కనే కొత్త సొరంగాలూ తొలుస్తున్నారు. పాతవాటిని బాగుచెయ్యాలి, వెడల్పు చెయ్యాలి అంటే నేను అడ్డం చెప్పను. రాయి ఊడి పడితే పోయేది బండి నడిపేవాళ్ళూ, పట్టాల మీద పనిచేసే కూలీలూ. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

నా తగువు ఒక్క మాటతో. సొరంగం గోడలోంచి నీరు కారితే ఇంజనీర్లు దాన్ని లీకేజీ అంటారు. పగుళ్ళలోకి సిమెంటు పాలు ఎక్కిస్తారు, గోడకు కాంక్రీటు చిమ్ముతారు, మిగిలిన నీటిని గొట్టాలతో కాలువలోకి మళ్ళిస్తారు. వెడల్పు చెయ్యాలంటే పాత గోడ పగలగొట్టి, వెనకున్న రాయిని మందుపెట్టి పేలుస్తారు. ఆ అదురుకు కొండలో కొత్త పగుళ్ళు పడవచ్చు. కొండ కడుపులో నిలవాల్సిన నీరు సొరంగంలోకి దిగిపోతే పైన ఊట సన్నగిల్లుతుంది. మనం తాగేదీ, పల్లపు మడికి పారేదీ ఆ ఊట నీరే కదా!

గ్రామసభను అడగరా అంటే, 'స్థలం రైల్వేది, భూసేకరణ లేదు' అని తప్పించుకోవచ్చు. 1996 పీసా చట్టం భూసేకరణకు ముందు సంప్రదించమంది, నిజమే. ఊరి ఉమ్మడి వనరులను కాపాడుకొనే సత్తా గ్రామసభకుందనీ అదే చట్టం చెప్పింది. పట్టాల పక్కన హద్దురాయి పాతుతారు సరే, నీటికి ఎక్కడ పాతుతారు? తవ్విపోసిన రాళ్ళూ మట్టీ వానకు గెడ్డలోకి దొర్లితే, రైల్వే హద్దు దగ్గర ఆగుతాయా?

(అద్దాల పెట్టెలో బొర్రా చూడవచ్చేవాళ్ళు సొరంగం చీకట్లో కేకలు వేస్తారు. వెయ్యనివ్వండి, వాళ్ళ సరదా వాళ్ళది.)

మన దగ్గర లెక్క లేదు, అదే మన బలహీనత. పని అయ్యాక ఊట ఎండిందంటే 'ముందు ఎంత ఉండేదో చూపించు' అంటారు. మాష్టార్లూ, ఇది బడిపిల్లలతో చేయించగల పని. సొరంగం పైనా పక్కనా ఉన్న ప్రతి ఊటనూ మన భాషలో పిలిచే పేరుతోనే రాయించండి. ఎండాకాలం వారానికోసారి ఒకే బిందె పెట్టి, నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో నోటు పుస్తకంలో వేయించండి. వానల తర్వాత మళ్ళీ. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆ లెక్కను గ్రామసభ తీర్మానానికి జతచేసి, మందు పేలకముందే ఐటీడీఏకీ రైల్వేకీ ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకోకుండా వెనక్కి రావద్దు.