దొంగ లెక్క చూసినవాడు నోరు విప్పేదెట్లా?

మా అమ్మ బీడీలు చుడుతుంది. ఆకు తక్కువ తూచి ఇచ్చినా మారు మాట్లాడదు. రేపు పని ఇవ్వరేమోనని భయం. ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, ఇప్పుడు ఎం.కాం. చదువుతున్నాను. రేపు అకౌంట్స్ సీట్లో కూర్చుంటే నాకూ అదే భయం.

సత్యం కంపెనీ సంగతి మీకు తెలుసు. లేని వేల కోట్లు ఉన్నట్టు చూపామని రామలింగరాజు 2009 జనవరి 7న ఒప్పుకున్నారు. అంతకుముందే, 2008 డిసెంబరులో, ఒక డైరెక్టరుకు మారుపేరుతో ఈ-మెయిల్ అందింది. రాసినవారు సొంత పేరు పెట్టుకోలేకపోయారు!

2019లో సెబీ బహుమతి పద్ధతి తెచ్చింది. సెబీ కట్టమని ఆదేశించిన సొమ్ములో 10 శాతం వరకు ఇస్తారు. గరిష్ఠంగా కోటి ఉండేది, 2021లో 10 కోట్లకు పెంచారు. పేపర్లో చదివింది పంపితే చెల్లదు, సమాచారం సెబీకి కొత్తదై ఉండాలి. బహుమతి కోటి దాటితే, ఆ పై భాగం రావాలంటే సొమ్ము వసూలయ్యేదాకా ఆగాలి.

అయితే ఇది ఇన్‌సైడర్ ట్రేడింగ్‌కే, అంటే కంపెనీ గుట్టు ముందే తెలుసుకుని షేర్లు కొని అమ్మేవారి విషయంలోనే. ఉత్త దొంగ లెక్కల గురించి చెబితే రాదు. సత్యంలో జరిగిన అసలు మోసం అదే కదా! అమెరికాలో 2010 చట్టం ప్రకారం, జరిమానా 10 లక్షల డాలర్లు దాటితే, దొంగ లెక్కలు బయటపెట్టినవారికీ 10 నుంచి 30 శాతం ఇస్తారు. మన సెబీ కూడా అట్లా ఇవ్వాలి. సమాచారమిచ్చిన ఉద్యోగిని తీసేయరాదని నిబంధనలో ఉంది, మంచిదే. కానీ మొదటి జీతం మీదే ఇల్లు గడిచేవాడికి ఆ ఒక్క మాట చాలదు.

పేరు బయటపడకుండా వకీలు ద్వారా కూడా సెబీకి పంపవచ్చు. ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి.