వర్కర్లకు ‘ఆటోమేట్‌’ బటన్‌.. నొక్కాలా? వద్దా?

‘సివిలైజేషన్‌’ గేమ్‌ ఆడినవాళ్లకు ఈ ఇబ్బంది తెలిసిందే. సామ్రాజ్యం పెరిగేకొద్దీ వర్కర్లూ పెరుగుతారు. పొలం ఎక్కడ, గని ఎక్కడ, రోడ్డు ఎటు.. ఒక్కొక్కరికీ మనమే చెప్పాలి. విసుగొచ్చి ‘ఆటోమేట్‌’ నొక్కేస్తాం. ఏఐ టూల్స్‌తో కొలువుల తీరు మారుతున్న ఈ సమయంలో, ఆ బటన్‌ కథ ఉద్యోగార్థులకూ పనికొస్తుంది.

బటన్‌కు తెలియనిది

సిడ్‌ మైయర్‌, బ్రూస్‌ షెల్లీ రూపొందించిన ఈ గేమ్‌ తొలిసారి 1991లో వచ్చింది. 2010 నాటి ఐదో భాగాన్నే తీసుకోండి. ఆటోమేట్‌ చేస్తే వర్కర్లు ఖాళీగా ఉండరు. కానీ మీ ప్లాన్‌ వాళ్లకు తెలీదు. ఒక నగరంలో ఈఫిల్‌ టవర్‌ కట్టాలని మీరు అనుకుంటారు. దానికి గనులు కావాలి. వాళ్లేమో అక్కడ పొలాలు వేస్తుండొచ్చు! అందుకే సెట్టింగ్స్‌లో ‘కట్టినవాటిని మార్చొద్దు’, ‘అడవులు కొట్టేయొద్దు’ అనే ఆప్షన్లు పెట్టారు. అంటే హద్దులు గీయాల్సింది ఆటగాడే.

అలాగని అన్నీ మనమే చూసుకోవాలన్నా కష్టమే. ప్రతి రోడ్డు దగ్గరా ఆగితే యుద్ధం, సైన్స్‌ పక్కకుపోతాయి.

పని పోయింది, నిర్ణయం మిగిలింది

2016లో వచ్చిన ఆరో భాగంలో ఆ బటనే తీసేశారు. ఒక్కో బిల్డర్‌ మామూలుగా మూడు పనులు చేసి మాయమవుతాడు. వర్తకులు తిరిగిన దారుల్లో రోడ్లు వాటంతటవే పడతాయి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఏడో భాగంలో అసలు బిల్డర్లే లేరు. నగరం పెరిగినప్పుడు ఏ స్థలం కావాలో మీరు చెబితే చాలు. అక్కడ పొలమో గనో నేలను బట్టి వచ్చేస్తుంది.

మరి ఫ్రెషర్ల సంగతి?

ఆటలో మాయమైన బిల్డర్‌కు ఇల్లు గడవాల్సిన పని లేదు. మనకు ఉంది. టెస్ట్‌ కేసులు రాయడం, డేటా సరిచేయడం, రిపోర్ట్‌ తయారుచేయడం.. కొత్తగా చేరినవాళ్లు పని నేర్చుకునేది వీటితోనే. ఇప్పుడు టూల్స్‌ చేస్తున్నవీ ఇవే. నేర్చుకునే మెట్టే పోతే నిర్ణయం తీసుకునే స్థాయికి ఎలా చేరాలి? అసలు చిక్కు ఇదే.

బాగా ఆడేవాళ్లు ఏం చేస్తారో చూడండి. మొదటి నగరాలను స్వయంగా చూసుకుంటారు. ఏ నేలకు ఏది నప్పుతుందో అర్థమయ్యాకే బటన్‌ నొక్కుతారు. తప్పు జరిగితే వెంటనే పట్టేస్తారు. మీరూ అంతే..

* మొదటి మినీ ప్రాజెక్టును టూల్‌ సాయం లేకుండా పూర్తి చేయండి.
* తర్వాత అదే పని టూల్‌తో చేయించి, తేడాలు రాసుకోండి.
* దానికి ఏం అప్పగించకూడదో ముందే తేల్చుకోండి.

‘ఈ కోడ్‌ ఇలా ఎందుకు రాశారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ‘టూల్‌ ఇచ్చింది సార్‌’ అనేది జవాబు కాదు. కారణం చెప్పగలిగితే బటన్‌ మీ చేతిలో ఉన్నట్టు. లేదంటే దాని చేతిలో మీరున్నట్టే!