తప్పు ముల్లుది... తిట్లు ల్యాప్‌టాప్‌కి!

డీజే అనగానే మన దగ్గర గుర్తొచ్చేవి వినాయక నిమజ్జనంలో లారీకెక్కిన స్పీకర్లు, పెళ్లి ఊరేగింపులో గుండెలదరగొట్టే దరువు. అమెరికాలో, యూరప్‌లో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. రెండు రికార్డు ప్లేయర్ల ముందు నిలబడి, తిరిగే రికార్డును చేత్తో ఆపుతూ, వెనక్కి లాగుతూ, ఒక పాటలోంచి మరో పాటలోకి జనాన్ని తెలియకుండా తీసుకుపోయే మనిషి. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే జమైకా కుర్రాడు, చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీలో పాటలు వేసిన నాటి నుంచీ హిప్‌హాప్ వాళ్లు లెక్కపెట్టుకునే విద్య ఇది.

ఆ విద్య నేర్చినవాళ్లలో చాలామందికి ఇప్పుడు పాటలు రికార్డుల్లో లేవు, ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. చెయ్యి మాత్రం ఇంకా రికార్డు మీదే! ఈ రెంటినీ కలిపే ఏర్పాటునే డిజిటల్ వినైల్ సిస్టమ్ అంటారు. హాలు నిండా జనం ఊగిపోతుండగా అది మొరాయించిందనుకోండి... పాట వణుకుతుంది, గెంతుతుంది, ఒక్కోసారి వెనక్కి నడుస్తుంది. కంగారులో డీజే చేసే మొదటి పని ల్యాప్‌టాప్‌ను తిట్టుకుంటూ ఆపి, మళ్లీ ఆన్ చేయడం. అంతకన్నా తెలివితక్కువ పని మరోటి లేదు. అది లేచేదాకా హాలంతా నిశ్శబ్దం. జనం మెల్లగా గుమ్మం వైపు జారుకుంటారు. క్లబ్బు యజమాని వచ్చేవారానికి ఇంకొకరిని మాట్లాడుకుంటాడు. తీరా చూస్తే లోపం చాలాసార్లు రికార్డు మీదున్న ముల్లు దగ్గరో, దాని వెనకున్న వెంట్రుకంత తీగ దగ్గరో ఉంటుంది.

అసలీ ఏర్పాటు ఎందుకొచ్చిందంటే, బరువు మోయలేక! ఎనభై రికార్డులు సర్దిన పెట్టె పదిహేను కిలోల పైమాటే. ఒక రాత్రికి అలాంటివి రెండు మూడు కావాలి. 2000ల తొలినాళ్లలో నెదర్లాండ్స్‌లోని ఎన్2ఐటీ సంస్థ ‘ఫైనల్ స్క్రాచ్’ను తయారుచేస్తే, స్టాంటన్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. కెనడా డీజే రిచీ హాటిన్ దాని తయారీ దశ నుంచే వెన్నుదన్నుగా ఉన్నాడు. 2004లో న్యూజీలాండ్‌కు చెందిన సెరాటో, అమెరికా కంపెనీ రేన్‌తో కలిసి ‘స్క్రాచ్ లైవ్’ తెచ్చింది. తర్వాత బెర్లిన్ నుంచి ‘ట్రాక్టర్ స్క్రాచ్’ వచ్చింది. పేర్లు ఏవైనా కిటుకు ఒక్కటే.

ఇంతకీ ఆ ప్రత్యేక రికార్డులో ఏముంటుంది? పాట ఉండదు. స్పీకర్‌కు కలిపి వింటే ఆగకుండా ఒకటే కూత. సెరాటో రికార్డయితే సెకనుకు 1000 తరంగాలు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డుకు ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. అంటే చుట్టుకు 1800 తరంగాలు. చెయ్యి పెట్టి నెమ్మది చేస్తే సెకనుకు అందే తరంగాలు తగ్గుతాయి, కంప్యూటర్ పాటనూ అంతే నెమ్మది చేస్తుంది. వేగం సంగతి సరే, రికార్డు ముందుకు తిరుగుతోందో వెనక్కి తిరుగుతోందో దానికెలా తెలుస్తుంది?

ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లతో దంచుతున్నారనుకోండి. మొదటి పోటు పడ్డ కాస్తంతలోనే రెండోది పడుతుంది, తర్వాత కొంచెం ఖాళీ, మళ్లీ జంటగా రెండు పోట్లు. కళ్లు మూసుకున్నా ముందు పడేది ఎవరి రోకలో చెప్పొచ్చు. రికార్డు గాడికి ఉన్న రెండు గోడల్లో ఎడమ, కుడి చానెళ్ల కూతలు ఇలాగే తరంగంలో పావు వంతు ఎడంతో ఉంటాయి. ఎడమది ముందుంటే ఒక దిక్కు, కుడిది ముందుంటే దానికి వ్యతిరేక దిక్కు. ముల్లు పాటలో ఎన్నో నిమిషం దగ్గరుందో చెప్పే సంకేతం కూడా ఆ కూతలోనే కలిపి ఉంటుంది. కాబట్టి ఒక చానెల్ పోతే పోయేది సగం శబ్దం కాదు, దిక్కు తెలిసే దారే. పాట పిచ్చిపట్టినట్టు గెంతేది అందుకే.

ముల్లు పుట్టించే కరెంటు ఎంతో తెలుసా? కొన్ని మిల్లీవోల్టులు. అయిదు మిల్లీవోల్టులనుకుంటే, గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లులో 300వ వంతు. అది నాలుగు సన్నని తీగల్లోంచి, చేతికర్రలాంటి టోన్‌ఆర్మ్ గుండా, ప్లేయర్ వెనకున్న ఎరుపు తెలుపు తీగల మీదుగా సౌండ్‌కార్డు చేరి, అక్కడ అంకెలుగా మారి ల్యాప్‌టాప్‌కు వెళ్లాలి. దారిలో కాస్త తుప్పు, కాస్త దుమ్ము చాలు దాన్ని మింగేయడానికి.

అనుభవం ఉన్నవాళ్లు మొదట చేసే పని పాట ఆగకుండా చూడటం. సాఫ్ట్‌వేర్‌లో ‘ఇంటర్నల్ మోడ్’ అని ఒకటుంటుంది. అది నొక్కితే రికార్డుతో పనిలేకుండా పాట తన మానాన తాను సాగిపోతుంది. జనానికి తేడా తెలియదు. ఊపిరి పీల్చుకున్నాక వెతకడం మొదలుపెట్టొచ్చు. రెండు ప్లేయర్లూ ఒకేసారి చెడ్డాయా? రెండు ముళ్లూ ఒకే క్షణంలో చావవు కదా! అప్పుడు సౌండ్‌కార్డునో, యూఎస్‌బీ తీగనో అనుమానించాలి. ఒకటే చెడితే మాత్రం ముల్లు నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి.

సాఫ్ట్‌వేర్ తెర మీద ఈ సంకేతం గుండ్రటి గీతగా కనబడుతుంది. రెండు చానెళ్లూ సమానంగా, పావు వంతు ఎడంతో ఉన్నప్పుడే అది గుండ్రంగా ఉంటుంది. గారెలా చక్కగా ఉంటే ఏ బెంగా లేదు. కోడిగుడ్డులా సాగితే ఒక చానెల్ బలహీనపడుతోందని. ఒట్టి గీతగా మారితే ఒకటి పూర్తిగా పోయిందని. మధ్యలో చుక్కంతే కనబడితే ‘ఫోనో’కు ఉండాల్సిన స్విచ్ ‘లైన్’ వైపు ఉండొచ్చు. నాలుగు మూలలూ తేలి పలకలా అయితే సంకేతం మోతాదు మించిందన్నమాట.

గీత కనబడితే చేయాల్సింది చిన్న పని. ముల్లు బిగించిన తలను హెడ్‌షెల్ అంటారు. రెండు ప్లేయర్ల హెడ్‌షెల్‌లను అటుదిటు, ఇటుదటు మార్చాలి. లోపం కూడా రెండో ప్లేయర్‌కు వెళ్లిందా, దొంగ దొరికినట్టే. కొత్త కార్ట్రిడ్జ్‌కు వేలకు వేలు పోసే ముందు హెడ్‌షెల్ వెనకున్న నాలుగు పిన్నులను పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూడాలి. మసి వదిలి, పోయిన చానెల్ తిరిగొచ్చిన సందర్భాలు డీజేల్లో చాలామందికి అనుభవమే. ఆ నాలుగు తీగలకూ రంగులుంటాయి. ఎడమకు తెలుపు, నీలం. కుడికి ఎరుపు, ఆకుపచ్చ. అవి పూర్తిగా అటూ ఇటూ మారితే పాట వెనక్కి నడుస్తుంది. తమాషా ఏంటంటే, వెనకున్న ఎరుపు తెలుపు తీగలు కూడా తారుమారై ఉంటే రెండు తప్పులూ కలిసి ఒప్పయి కూర్చుంటాయి! ఎవరో ఒకదాన్ని సరిచేసిన రోజున అసలు గొడవ మొదలవుతుంది.

గుయ్‌మనే హోరు వస్తూ గుండ్రటి గీత మసకబారితే ఎర్తు సంగతి చూడాలి. చాలా ప్లేయర్ల వెనక ఒక సన్నని విడి తీగ వేలాడుతూ ఉంటుంది. దాన్ని మిక్సర్‌కో, సౌండ్‌కార్డుకో ఉన్న మరకు బిగించాలి. ఇంట్లో తాతగారి రికార్డు ప్లేయర్ హోరెత్తుతుంటే అక్కడా ముందు చూడాల్సింది ఇదే. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేస్తే హోరు ఆగిందంటే తప్పు అటువైపుది. అంతేగానీ హోరు పోతుందని కొందరు చేసినట్టు కరెంటు ప్లగ్గు ఎర్తు పిన్నును విరగ్గొట్టడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. పాట చెడితే పోయేది ఒక రాత్రి సంపాదన. ఎర్తు లేని మిక్సర్ మీద చెమట చేతులు పెడితే పోయేది వేరు.

సాయంత్రం ఖాళీ హాల్లో అంతా సవ్యంగా ఉండి, రాత్రి జోరు పెరిగాక వణుకు మొదలయ్యే కేసు మరీ విసిగిస్తుంది. స్పీకర్ల అదురు బల్లకు, బల్ల నుంచి ముల్లుకు పాకుతుంది. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ప్లేయర్‌ను డీజేలు నెత్తిన పెట్టుకోవడానికి దాని బరువైన అడుగు కూడా ఒక కారణం. 2010లో ఆపేసిన ఆ మోడల్‌ను 2016లో కంపెనీ మళ్లీ తెచ్చింది. ఎంత బరువైనా కింద బల్ల ఊగితే ఏం లాభం? రాతి పలకో, రబ్బరు దిమ్మలో వేయాలి. సాఫ్ట్‌వేర్ చిన్నాచితకా అదురును పట్టించుకోకుండా ఉండే మోతాదును కూడా నిశ్శబ్దంలో కాకుండా, హాల్లో పాట గట్టిగా మోగుతుండగా, ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు పెట్టి సెట్ చేయాలి. చాలామంది దీన్ని ఇంట్లోనే కానిచ్చుకొని వస్తారు.

ఇన్ని చూసినా తేలకపోతే మామూలు పాటల రికార్డు ఒకటి వేసి, సౌండ్‌కార్డులో ‘త్రూ’ నొక్కి హెడ్‌ఫోన్‌లో వినాలి. రెండు చెవుల్లోనూ పాట శుభ్రంగా వినిపిస్తే ముల్లు, తీగలు నిర్దోషులు. అప్పుడు తిట్టొచ్చు ల్యాప్‌టాప్‌ని!

ఈ బాధలన్నీ ఎందుకని 2010ల చివర్లో ఫ్రాన్స్ సంస్థ ఎండబ్ల్యూఎం ముల్లే లేని ‘ఫేజ్’ను తెచ్చింది. రికార్డు మధ్యలో పెట్టే చిన్న పరికరం తిరుగుడును రేడియో ద్వారా పంపుతుంది. ముల్లు అరగదు, దుమ్ము పట్టదు, అదురుకు గెంతదు. కాకపోతే చార్జింగ్ పెట్టాలి. దాని రిసీవర్ నుంచి సౌండ్‌కార్డుకు వెళ్లేవి మాత్రం అవే ఎరుపు తెలుపు తీగలు.