జిగురుకి భద్రత అని పేరు

“ప్రమాదం, మీరు విప్పకండి” అనే మాట మీద నాకు గౌరవం ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ ఆటవస్తువు కాదు. కానీ ఆ మాట అంటున్నది ఎవరు, దానివల్ల లాభం ఎవరికి అని అడక్కుండా తలూపడం నాకు చేతకాదు.

ఒకప్పుడు ల్యాప్‌టాప్ అడుగున రెండు గొళ్ళేలుండేవి. పక్కకి జరిపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. హాస్టల్లో ఎవడైనా మార్చుకునేవాడు, ఎవడూ దాన్ని సాహసం అనుకోలేదు. 2009లో ఆపిల్ తన 17 అంగుళాల మాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని లోపల పెట్టి మూసేసింది. 2012 రెటీనా మోడల్‌కి వచ్చేసరికి జిగురుతో అతికించేసింది. మిగతా కంపెనీల్లో చాలా వరకు స్క్రూలు ఉంచినా, గొళ్ళేలు మాత్రం తీసేశాయి. సన్నగా ఉంటుంది, ఎక్కువసేపు వస్తుంది అన్నారు. నిజమే, వచ్చింది. దాంతోపాటు మూడు నాలుగేళ్ళలో అరిగిపోయే వస్తువు, పదేళ్ళు బతికే వస్తువుకి చావు ముహూర్తం పెట్టడం కూడా వచ్చింది.

మా అనంతపురంలో ఆ ముహూర్తం ఇంకాస్త ముందే వస్తుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. ఆ వేడిలో రోజంతా ప్లగ్‌కే ఉంచి, నూరు శాతం ఛార్జ్ దగ్గరే నిలబెడితే లోపలి రసాయనాలు త్వరగా చెడతాయి. గ్యాస్ పుట్టి బ్యాటరీ ఉబ్బొచ్చు. మా ఇంట్లో ఒక ల్యాప్‌టాప్‌కి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. సర్వీస్ సెంటర్‌లో కీబోర్డుతో సహా పైభాగం మొత్తం మార్చాలన్నారు. బ్యాటరీ ఒక్కటే ఇవ్వరా అంటే, “సేఫ్టీ సార్” అన్నారు.

సేఫ్టీ సంగతే మాట్లాడుకుందాం. మా ఊళ్ళో బోరు మోటారు కాలిపోతే రైతు దాన్ని వైండింగ్ షాపుకి తెస్తాడు. నాలుగొందల వోల్టుల మీద నడిచే యంత్రం అది. మనిషి ప్రాణం తీయగలదు. అయినా “విప్పకు, కొత్తది కొనుక్కో” అని అక్కడ ఎవరూ అనరు. ముందు ఫ్యూజులు పీకాలని తెలుసు కాబట్టి విప్పుతారు. బ్యాటరీకి ఫ్యూజు పీకే సౌకర్యం లేదు, దాని శక్తి దానిలోనే ఉంటుంది, తేడా ఒప్పుకుంటాను. అంటే దానికి వేరే జాగ్రత్తలు కావాలి. అంతేగానీ అజ్ఞానం జాగ్రత్త కాదు.

ఆ జాగ్రత్తలు ఒక్క పేరాకి మించవు. ఛార్జ్ పావు వంతు కంటే దిగేదాకా వాడండి. అడాప్టర్ తీసి, మెషీన్ పూర్తిగా ఆపండి. అడుగు మూత తెరిచాక అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. కత్తి గానీ ఇనుప మొన గానీ బ్యాటరీ కింద దూర్చకండి, వంచకండి. కొత్తదాని పార్ట్ నంబరు, వోల్టేజీ పాతదానితో సరిపోవాలి. పేరు ఊరు లేని చవక సరుకు వద్దు. పాతదాని కనెక్టర్‌కి టేపు చుట్టి, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. ఉబ్బితే మాత్రం ఛార్జ్ పెట్టకండి, నొక్కకండి. ఉబ్బి, జిగురుతో అతుక్కుని ఉంటే ఇంట్లో పీకనే వద్దు, పని తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

ఆ చివరి మాట మళ్ళీ చదవండి. ఇంటి పనిని ప్రమాదకరంగా మార్చింది సగం ఆ జిగురే. అతికించినవాళ్ళే వచ్చి, అతుక్కుంది కాబట్టి ముట్టుకోవద్దు అంటున్నారు!

ఇది తప్పదనేం లేదు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీని, కొన్ని మినహాయింపులు తప్ప, వాడేవాళ్ళే తీసి మార్చుకోగలగాలి. అందుకు వేడి చేయడం, ద్రావకం పోయడం అవసరం కాకూడదు. ప్రత్యేక పనిముట్టు కావాలంటే కంపెనీయే ఉచితంగా ఇవ్వాలి. మన దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు, పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేసే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. మంచిదే. కానీ బ్యాటరీ బయటికి రావాలి కదా! అదే ఏడాది కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ కూడా తెచ్చింది. పోర్టల్‌లో సమాచారం ఎంత పెట్టినా, మెషీన్లో జిగురుంటే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

మనమూ తక్కువ తినలేదు. యంత్రం మనిషిని మింగేస్తోందని పేజీలు పేజీలు రాస్తాం. ఆ యంత్రం మూత ఎలా తీయాలో తెలుగులో నాలుగు వాక్యాలు రాయమంటే, అది సాహిత్యం కాదంటాం. విప్పి చూడని వస్తువు మీద మన భయమూ అరువుదే, కోపమూ అరువుదే.

నేను అడిగేది పెద్దదేం కాదు. జిగురు బదులు స్క్రూలు పెట్టండి. బ్యాటరీని విడిగా, సరైన ధరకి అమ్మండి. ఎలా మార్చాలో తెలుగులో ఒక పేజీ ఇవ్వండి. అప్పుడు “జాగ్రత్త” అని చెప్పండి, తప్పకుండా వింటాం.